చెరువు గట్టు మీద బొగ్గు తగువు

జర్మనీకీ ఆస్ట్రేలియాకీ బొగ్గు దగ్గర వచ్చిన తగువును, ఆకివీడు పక్కన ఒక చేపల చెరువు గట్టు మీద కూర్చోబెట్టి తీర్చిన మనిషిని నేను. పెద్ద పెద్ద దేశాలవాళ్ళు చల్లటి హాళ్ళలో సమావేశమై, రోజుల తరబడి మాట్లాడుకుని, తేలక లేచిపోయే వ్యవహారం ఇది. నేను ఒక్క పూటలో తేల్చేశాను. మధ్యలో ఇడ్లీలు తినడం కూడా అయింది.

ఈ మాట ఏలూరులో మా చర్చి మెట్ల మీద చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఒక దేశం పెరిగేది. క్రిస్మస్ నాటికి పోలండు కూడా వచ్చి చేరింది. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను గనక రెండింటి దగ్గర ఆపుతున్నాను. మనతో కలిపి మూడు.

నేను విద్యుత్ శాఖలో హెల్పరుగా చేరి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. కొల్లేరు లంకల్లోకి కరెంటు స్తంభం నా భుజం మీదే వెళ్ళిందని చెప్పుకుంటూ ఉంటాను. నిజానికి స్తంభాన్ని పదిమంది మోసేవారు. నేను వెనకాల నడుస్తూ జాగ్రత్త, జాగ్రత్త అనేవాణ్ణి. అదీ ఒక పనే.

నాకు ఒక్కతే చెల్లెలు. ఈ చెరువు ఆమెది. మా బావగారు పోయాక అందరూ చెరువు లీజుకిచ్చేసి తాడేపల్లిగూడెంలో కూతురి దగ్గరకు వెళ్ళిపొమ్మన్నారు. ఆమె వినలేదు. గట్టు మీద రెండు గదుల షెడ్డు వేసుకుని, బొచ్చె, శీలావతి చేపలు పెంచుకుంటూ అక్కడే ఉండిపోయింది. కిందటేడు వేసవి ఎండకి నీళ్ళు కాగిపోయి, వెనకాలే అదను తప్పిన వాన పడి, పట్టుబడికి సిద్ధంగా ఉన్న చేప సగానికి పైగా చచ్చిపోయింది. ఈసారి చెరువులో చేపపిల్ల వదిలేటప్పుడు నాతో ఒక మాట అంది.

"అన్నయ్యా, ఈ పంట కూడా పోయిందనుకో, ఇంక నా వల్ల కాదు. చెరువు ఇచ్చేసి గూడెం వెళ్ళిపోతాను."

ఆ మాట నాకు ములుకులా గుచ్చుకుంది. ఏలూరు నుంచి బస్సెక్కి వెళ్ళి, ఆ గట్టు మీద నులక మంచం వాల్చుకుని, ఆమె చేతి పులుసు తిని పడుకోవడం ఈ వయసులో నాకు మిగిలిన సుఖాల్లో పెద్దది. ఆమె గూడెం వెళితే నాకు అపార్టుమెంటు బాల్కనీ మిగుల్తుంది.

ఇక విదేశీయులు. మా చర్చితో ఎప్పటినుంచో ఉత్తరప్రత్యుత్తరాలున్న రెండు సంఘాల నుంచి ఇద్దరు అతిథులు వచ్చారు. ఒకావిడ జర్మనీలో బడిపంతులమ్మగా చేసి రిటైరయింది. సన్నగా, నిటారుగా, తాటిపట్టెలా ఉంటుంది. ఇంకొకాయన ఆస్ట్రేలియా. నాకంటే రెండేళ్ళు పెద్ద. జీవితమంతా బొగ్గు గనిలో పనిచేశాడు, ఆయన తండ్రీ అంతే. చేతులు చూస్తే ఇప్పటికీ గోళ్ళ పక్కన నల్లటి గీతలున్నాయి. కడిగితే పోయేవి కావట. వాళ్ళకి కొల్లేటి గూడబాతుల్ని, అంటే ఆ సంచి ముక్కు పక్షుల్ని, చూడాలని సరదా. దుబాసీగా మా మేనకోడలు, అంటే మా చెల్లెలి కూతురు, వచ్చింది. గూడెంలో కాలేజీలో పాఠాలు చెబుతుంది. నాకూ ఆఫీసు ఇంగ్లీషు ఉందనుకోండి, కానీ దాంతో మెమో ఇవ్వగలను గానీ వాదన చెయ్యలేను.

తెల్లవారుతూనే గూడబాతుల్ని చూపించి, టిఫినుకి చెరువు దగ్గరకు కారులో తీసుకొచ్చాను. మబ్బు పట్టిన పొద్దు. ఆకు కదలడం లేదు. చెరువులో రెండు ఏరియేటర్లు, అంటే మోటారుతో తిరుగుతూ నీళ్ళని చిలికే తెడ్ల చక్రాలు, జోరున వాన పడుతున్నట్టు చప్పుడు చేస్తున్నాయి.

ఆస్ట్రేలియా ఆయన గట్టు మీద నిలబడి చుట్టూ చూసి ఏదో అడిగాడు.

"కొల్లేరు సరస్సు ఎక్కడుందని అడుగుతున్నారు మావయ్యా," అంది మేనకోడలు.

"ఇదే అని చెప్పమ్మా."

"ఇవన్నీ చెరువులు కదా అంటున్నారు."

"ఇదివరకు సరస్సే. మనం గట్లు వేసుకున్నాం."

మేనకోడలు నా ముఖంలోకి చూసింది. "ఇది చెప్పమంటారా, వద్దా?"

"చెప్పు. ఎంతసేపని దాస్తాం."

ఆయన నవ్వాడు. మా దగ్గరా అంతే, కొండ చూపించమంటే గొయ్యి చూపిస్తాం అన్నాడట. అక్కడితో మాకు స్నేహం కుదిరింది. జర్మనీ ఆవిడ మాత్రం నవ్వలేదు. ఆ చక్రాలు ఏ కరెంటుతో తిరుగుతున్నాయని అడిగింది.

నేను ఛాతీ విరుచుకుని, థర్మల్ స్టేషన్లో బొగ్గు మండించి తీసిన కరెంటు ఎక్కణ్ణుంచి ఎలా ఈ గట్టు దాకా వస్తుందో, టవర్లూ సబ్‌స్టేషన్లూ ట్రాన్స్‌ఫార్మర్లూ అన్నీ వేళ్ళ మీద చెప్పాను. అంతా విని ఆవిడ ఒకటే అంది. మీ చెల్లెలి చెరువు ఉడికిపోవడానికి కారణం ఆ బొగ్గే. అది మానితే తప్ప మీకూ మాకూ కూడా గతి లేదు.

ఆస్ట్రేలియా ఆయన ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టాడు. మేం తవ్వకపోతే ఇంకొకరు తవ్వుతారు, వీళ్ళని చీకట్లో కూర్చోమనే హక్కు నీకెక్కడిది అన్నాడు. మా అమ్మమ్మ ఊరిని బొగ్గు గని కోసం చర్చితో సహా తవ్వేశారు, ఆ మాట అనే హక్కు నాకుంది అని ఆవిడ. మా మేనకోడలు ఇటొకసారి అటొకసారి తల తిప్పి తిప్పి చెబుతుంటే ఆ పిల్ల మెడ పట్టేస్తుందేమోనని భయం వేసింది.

అప్పుడు నేను లేచాను. లేచి ఒక మాట అన్నాను. ఈ మాటకి చర్చి మెట్ల మీద చప్పట్లు పడ్డాయి.

"పెళ్ళిలో మొదటి బంతిలో కూర్చున్నవాళ్ళు బూరెలూ పులిహోరా మారు వడ్డించుకుని తిన్నారు. మూడో బంతి వాళ్ళు ఇప్పుడే విస్తరి ముందు కూర్చున్నారు. మొదటి బంతి వాళ్ళు చెయ్యి కడుక్కొచ్చి, ఎక్కువ తింటే అరగదండీ, కాస్త తగ్గించి తినండీ అంటే ఎలా ఉంటుంది?"

మేనకోడలు బూరెల దగ్గర కాస్త తడబడింది గానీ మొత్తానికి చెప్పింది. ఆస్ట్రేలియా ఆయన తొడ చరిచాడు. జర్మనీ ఆవిడ ప్లేట్లో ఇడ్లీని ముక్కలు ముక్కలు చేసింది. నా మాటకి మా చెల్లెలు సాంబారు గిన్నె పట్టుకుని వచ్చి, వడ్డిస్తూనే జవాబు చెప్పింది.

"ఏ బంతైనా పందిరి ఒకటే కదా అన్నయ్యా. నిప్పంటుకుంటే మొదటి బంతి, మూడో బంతి అని చూసుకుని పడుద్దా? ఉప్పుటేరు నుంచి వేసవొస్తే సముద్రం ఉప్పు నీళ్ళు పైకెక్కేస్తన్నాయి. నా చేపకి ఎవరి బొగ్గయితే ఏంటి?"

ఈ పందిరి మాట కూడా నేనే అన్నట్టు మెట్ల మీద చెప్పుకున్నాను. ఇవాళ తిరిగి ఇచ్చేస్తున్నాను. ఆమెదే.

సరిగ్గా ఆ సమయంలో కరెంటు పోయింది. చక్రాలు ఆగిపోయాయి. మబ్బు రోజు, గాలి లేదు, చెరువు నిండా చేప. కాసేపటికి నీటి మీద మొదట ఒకటి, తర్వాత పది, తర్వాత లెక్కలేనన్ని నోళ్ళు తెరుచుకున్నాయి. ఊపిరి అందక చేప పైకొచ్చి గాలి మింగడం చూశారా మీరు? చప్పుడు ఉండదు. నీటి మీద చినుకులు పడుతున్నట్టుంటుంది, చినుకులు కింది నుంచి వస్తున్నట్టు. నేను జేబులోంచి ఫోను తీసి, నా పాత శాఖకి ఒక్క కేక వేసి, అయిదు నిమిషాల్లో కరెంటు తెప్పించాను.

ఇలా చెబుతూ వచ్చాను.

కరెంటు పోలేదండీ. నేనే తీశాను.

ఏరియేటర్ల హోరులో నా బంతుల మాట సగం వాళ్ళకి వినబడదని, లేచినప్పుడే షెడ్డులోకి వెళ్ళి స్టార్టరు పెట్టె మీద ఎర్ర బటన్ నొక్కి వచ్చాను. వినబడడం కోసమని ఇక్కడ రాస్తే అందులో సగమే నిజం. మిగతా సగం, ఆ పంతులమ్మగారికి బొగ్గు లేని లోకం ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో రెండు నిమిషాలు చూపిద్దామన్న కొంటెతనం. రెండు నిమిషాలే అనుకున్నాను. తొడ చరుపు పడేసరికి నాకు చక్రాల సంగతి గుర్తుండలేదు. పళ్ళెం కడగడానికి గట్టు దిగిన మేనకోడలు, "అమ్మా, చేప పైకొచ్చేస్తంది," అనేదాకా.

ముందురోజే మా చెల్లెలు ఫోనులో చెప్పింది. "అన్నయ్యా, ఆ స్టార్టరు ముట్టుకోకు. ఒకసారి ఆపితే మళ్ళీ పట్టుకోటం లేదు. మెకానిక్కు సోమవారం వస్తానన్నాడు." ముప్పై అయిదేళ్ళు కరెంటులో బతికినవాడికి చెరువు గట్టు ఆడది స్టార్టరు పాఠం చెప్పడమేమిటని విననట్టు ఊరుకున్నాను.

పరుగెత్తుకెళ్ళి ఆకుపచ్చ బటన్ నొక్కాను. టక్కుమంది, వదిలేసింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ వదిలేసింది. వెనకాల మా చెల్లెలు వచ్చి నిలబడింది. నేను గుమ్మంలోంచి స్తంభం వంక చూస్తూ, "లైనులో ఏదో ఫాల్టమ్మా," అన్నాను.

ఆమె తల తిప్పింది. పక్క చెరువు వైపు చూసింది. అదే లైను మీద ఉన్న ఆ చెరువులో నాలుగు చక్రాలూ తెల్లగా నురగ లేపుతూ తిరుగుతున్నాయి.

తర్వాత ఆమె నా వైపు చూడలేదు. గట్టు మీదకి వెళ్ళి, ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, "అందరూ నీళ్ళు కొట్టండి," అంది. చెరువుల మీద బతికేవాళ్ళకి ఇది తెలిసిన పనే. మోటారు లేనప్పుడు నీళ్ళని మనిషే చిలకాలి. దోనె వేసుకుని తిరుగుతూ తెడ్డుతో బాదాలి, దిగి చేతులతో ఎగజిమ్మాలి. ఎంత చిలికితే అంత గాలి కలుస్తుంది. కాపలా మనిషి మేత బస్తాల కోసం ఆకివీడు వెళ్ళాడు. ఉన్నది మేమే.

మా చెల్లెలు దోనెక్కింది. మేనకోడలు చీర కుచ్చిళ్ళు దోపుకుని మోకాలి లోతు దిగింది. అతిథుల్ని వద్దనే లోపే ఆస్ట్రేలియా ఆయన బూట్లు విప్పి, చెరువులో మేత సంచులు వేలాడగట్టే వెదురు గడ ఒకటి లాక్కుని నడుము లోతు దిగిపోయాడు. ఆయన నీళ్ళు కొట్టిన తీరు చూడాలి. గడ్డపారతో బతికిన ఒళ్ళు, ఎక్కడ బలం పెట్టాలో ఎక్కడ ఊపిరి తీసుకోవాలో దానికి తెలుసు. షెడ్డు వెనకాల డీజిలు ఇంజను ఉంది. దాంతో చెరువు నీళ్ళు తోడి, పైనుంచి మళ్ళీ చెరువులోకే కొట్టించవచ్చు. డబ్బా మోసుకొచ్చి అందులో డీజిలు పోసిన మనిషి ఎవరనుకున్నారు? జర్మనీ ఆవిడ. ఇంజను నల్లగా పొగ కక్కుతుంటే ఆ పొగలోనే గొట్టం పట్టుకుని నిలబడింది. మా మేనకోడలితో ఏదో అంది.

"ఫొటో తియ్యొద్దంటున్నారు మావయ్యా," అని నీళ్ళలోంచి కేకేసింది ఆ పిల్ల.

నేను షెడ్డులో ఉన్నాను. స్టార్టరు మూత విప్పాను గానీ లోపల ఏమీ కనబడదే. కళ్ళజోడు అవతల రోడ్డు మీద ఆపిన కారులో ఉండిపోయింది.  బయట నీళ్ళ చప్పుడు. ఆ చప్పుడు తగ్గినప్పుడల్లా ఎవరో అలిసిపోయారని తెలుస్తోంది. కిందటేడు చచ్చిన చేపని ట్రాక్టరులో వేసి తీసుకెళుతుంటే మా చెల్లెలు గట్టు మీద కూర్చుని, తెల్లటి పొట్టలు కనబడకుండా పైన తాటాకులు కప్పించింది. అది గుర్తొచ్చింది. ప్రభువా, నా గొప్పకి ఆమె చెరువు బలి తీసుకోకు అన్నాను. చర్చిలో ఎన్నో ప్రార్థనలు చేశాను గానీ అంత చిన్నదీ అంత నిజమైనదీ ఎప్పుడూ చెయ్యలేదు.

ఆఖరికి నేనేం చేశానో చెబితే నా పాత శాఖవాళ్ళు పింఛను ఆపేస్తారు. కింద పడి ఉన్న సరుగుడు పుల్ల ఒకటి విరిచి, తడుముకుంటూనే, బటన్ నొక్కితే కరెంటు కలిపే ముక్క వెనక్కి జారిపోకుండా దూర్చాను. ముప్పై అయిదేళ్ళు ఊరూరా తిరిగి, పుల్లలు పెట్టకండిరా, చస్తారు అని రైతుల్ని తిట్టిన పని అది. చక్రాలు తిరిగాయి.

బయటికొచ్చి చూస్తే అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగి నిలబడ్డారు. మేనకోడలు ఆస్ట్రేలియా ఆయన మోచెయ్యి పట్టుకుని ఉంది, లేకపోతే పడిపోయేలా ఉన్నాడు. జర్మనీ ఆవిడ ముఖాన మసి. తిరిగే చక్రాల్ని చూస్తూ చప్పట్లు కొట్టింది. కొడుతూ కొడుతూ దేనికి కొడుతోందో అప్పుడే తట్టినట్టు ఆగి, చేతుల్లోకి చూసుకుంది. నీటి మీద నోళ్ళు ఒకటొకటిగా మూసుకుని లోపలికి దిగాయి. ఒక్క చేప కూడా చావలేదు.

ఆయనకి షెడ్డులో ఉంచుకునే నా లుంగీ ఇచ్చాం. కట్టుకోవడం రాక మా చెల్లెలి పాత చీర ముక్కతో నడుముకి బిగించాల్సి వచ్చింది. ఆవిడ మా చెల్లెలి చీర ఒకటి శాలువాలా చుట్టుకుంది. మా చెల్లెలు అందరికీ అల్లం టీ పెట్టింది, నాక్కూడా. గ్లాసు అందించేటప్పుడు మాత్రం నా వైపు చూడలేదు.

అప్పుడు ఆస్ట్రేలియా ఆయన, ఎవరూ అడక్కుండానే, మెల్లగా మాట్లాడాడు. మా మేనకోడలు ఇంకా మెల్లగా చెప్పింది. ఆయనకో మనవరాలు ఉందట. బొగ్గు వద్దని ఊరేగింపుల్లో తిరుగుతుందట. తాతయ్యతో మాట్లాడ్డం మానేసిందట. "నా చేతులు చూసి ఇష్టపడేది, చిన్నప్పుడు ఆ గీతల్ని చెరపాలని సబ్బు పెట్టి తోమేది అంటున్నారు," అని, అక్కడ ఆగిపోయింది మేనకోడలు.

నేను జర్మనీ ఆవిడ వంక చూశాను. ఆ మనవరాలిలాంటి పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి. ఇప్పుడు గట్టి మాట ఏదైనా అంటుందేమోనని నా భయం. ఆవిడ టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఒక గుక్క తాగింది. తర్వాత అంది: మా నాన్న చలికాలంలో పొద్దున్నే లేచి బొగ్గు పొయ్యి రాజేసి, నేను బడికి వేసుకెళ్ళే మేజోళ్ళు దాని మీద వెచ్చబెట్టేవాడు. ఇప్పటికీ ఎక్కడ బొగ్గు వాసనొచ్చినా నా కాళ్ళు వెచ్చబడతాయి. అయినా అది ఆపాలనే అంటాను. మీ మనవరాలికి ఉత్తరం రాయండి, మాట్లాడకపోయినా చదువుతుంది.

ఆయన తల ఊపాడు. ఆపాలని ఒప్పుకున్నట్టా, ఉత్తరం రాస్తానన్నట్టా నాకు తెలియలేదు. తగువు తీరలేదు. ఆమాటకొస్తే కారులో ఏలూరు వచ్చేదాకా, దెందులూరు దగ్గర హైవే మీద లారీలు అడ్డమైనంతసేపూ, ఇద్దరూ మళ్ళీ పోట్లాడుకుంటూనే ఉన్నారు. కాకపోతే ఆవిడ మధ్యలో ఆగి, ఆయన తల ఇంకా తడిగా ఉందని తువ్వాలు అందించింది. నేను తీర్చిన తగువు ఇదీ.

మర్నాడు ఆదివారం. పాస్టరుగారు అతిథుల కోసం, మంచి వానల కోసం ప్రార్థన చేయించారు. నేను కళ్ళు మూసుకుని స్టార్టరు కోసం చేశాను. చెల్లెలికి మాత్రం నా నోటితో నేను ఏమీ చెప్పలేదు. చెప్పాలని ఫోను తీసిన ప్రతిసారీ వాతావరణం అడిగి పెట్టేశాను. అందుకే ఇదంతా రాశాను. మొన్న బస్సెక్కి వెళ్ళి, గట్టు మీద కూర్చుని చదివి వినిపించాను. ఆమె మేత సంచి చిరిగితే గోనె దారంతో కుట్టుకుంటూ వింది. లుంగీ దగ్గర నవ్వింది. ఎర్ర బటన్ దగ్గర సూది ఆగింది, మళ్ళీ కదిలింది.

చదవడం అయ్యాక నేను కళ్ళజోడు తీసి, "నిజం రాశానా, లేదా?" అన్నాను.

"నువ్వే ఆపేవని నాకు అప్పుడే తెలుసు. దానికేంలే," అంది. దారం పళ్ళతో తెంపింది. "ఒక్క చేప కూడా చావలేదని రాశావు చూడు, అది కొట్టెయ్యి. మర్నాడు పొద్దున్నే తేలాయి. అన్నీ బొచ్చెలే. నువ్వు చర్చిలో ఉన్నప్పుడు నేనూ కాపలా మనిషీ ఆరు ట్రేల చచ్చిన చేప ఎత్తేం. చెప్తే నువ్వు అన్నం మానేస్తావని చెప్పలేదు. ఆరు ట్రేలు. అలా రాయి."